ఎండు గులివిందలు: పిల్ల చేపలా, ఇంతే పెరిగే చేపలా? కొనొచ్చా మానాలా?

కావలి చిన్నోడు
అందరికీ నమస్కారం. మొన్న సంతలో ఎండు గులివిందలు అరకిలో తెచ్చా, వేట నిషేధం గదా పచ్చి చేప దొరకడం లేదు. అమ్మ వంకాయలో వేసి పులుసు పెట్టింది. మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు, కంచంలో చూసి ఇవి పిల్ల చేపలు బావా, మీలాంటోళ్ళు కొనబట్టే పట్టుకొస్తా ఉండారు, ఇంకొన్నాళ్ళకి సముద్రంలో ఏం మిగలదు అని మొదలుపెట్టాడు, ముద్ద దిగనియ్యలా. నేనేమో చిన్నప్పట్నుంచి ఈ సైజే చూస్తా ఉండా, ఇది ఇంతే పెరిగే చేప అన్నా. ఫోటో పెట్టా చూడండి, సైజు తెలియడానికి పక్కన పది రూపాయల నోటు పెట్టా. రంగు పోయింది గానీ గడ్డం కింద రెండు మీసాలు కనపడతా ఉండాయి. తెలిసినోళ్ళు చెప్పండి, ఎవరిది కరెక్టు?

ఎండ్రకాయ
వంకాయ ఏంది సామీ, మే నెలలో మామిడికాయ పెట్టుకుని.

జువాలజీ మాస్టారు
ఫోటోలో ఉన్నది గులివిందేనండి. మల్లిడే కుటుంబం, ఉపెనియస్ ప్రజాతి. రిటైర్ అయ్యేదాకా ఒంగోల్లో డిగ్రీ పిల్లలకి చేపల పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఆ మీసాలు ఊరికే వేలాడేవి కావు. వాటినిండా రుచి తెలిసే కణాలుంటాయి. అడుగున ఇసుక మీదుగా ఈదుకుంటూ రెండు మీసాల్నీ దేనికది విడిగా ఆడిస్తూ ఇసుకలో వెతుకుతుంది, పురుగో చిన్న రొయ్యో పీత పిల్లో తగిలితే మూతి పెట్టి తవ్వి తింటుంది. అది తవ్వేటప్పుడు లేచిన బురదలో ఏమన్నా దొరుకుతుందేమోనని వేరే చేపలు వెనకాలే తిరుగుతుంటాయి. పని లేనప్పుడు మీసాల్ని దవడ కింద గాడిలోకి మడిచేసుకుంటుంది, అందుకే బజార్లో చూసినవాళ్ళలో చాలామంది వాటిని గమనించరు.

ఇది పుట్టుకతోనే అడుగున ఉండే చేప కాదు. గుడ్డు నీళ్ళలో తేలుతుంది. పిల్ల పైనీళ్ళలో వెండి రంగులో తిరుగుతుంది, కొన్ని సెంటీమీటర్లు పెరిగాకే అడుక్కి దిగి ఇసుకలో వెతుక్కోవడం మొదలుపెడుతుంది. మన తీరంలో దొరికే రకాలు 20 సెంటీమీటర్లు దాటి పెరగగలవు. పది నోటు పొడవు 12.3 సెంటీమీటర్లు. ఫోటోలో చేప నోటుకి బాగా తక్కువే ఉంది, పదో పదిన్నరో ఉంటుంది. కాబట్టి ఎక్కువ భాగం ఎదగని చేపలే. మీ బావమరిది చెప్పిందే సబబు.

బెంగళూరు నెల్లూరోడు
నేను చిన్న చేపలు మొత్తం మానేశా. ఓన్లీ చికెన్.

పాళెం పడవ
మాస్టారూ నమస్తే. పది నోటు 12.3 అన్నారే, అది కొత్త నోటు, చాక్లెట్ రంగుది, ఎనకాల కోణార్క్ చక్రం ఉండేది. ఫోటోలో మూలన కనపడేది చూడండి, పులి ఏనుగు ఉండే పాత నోటు లాగా ఉండాది. పాతది 13.7 సెంటీమీటర్లు. అంటే మీ లెక్క అక్కడే తప్పింది, చేప పదకొండు పైన ఉంటది. ఇంకోటి, నేను బోటు మీద పుట్టి పెరిగినోణ్ణి, ఈ సైజు గులివింద కడుపు కోస్తే పసుపు రంగు గుడ్లు నిండుగా ఉండేటియ్యి ఎన్నిసార్లో చూశా. మా ఇంట్లో ఆడోళ్ళని అడిగినా చెప్తారు. గుడ్లతో ఉండేదాన్ని పిల్ల అని ఎట్టంటారు సార్? అది తల్లి.

జువాలజీ మాస్టారు
నోటు పాతదని మీరెలా నిర్ధారించారు? ఫోటోలో ఓ మూల తప్ప ఏమీ కనపడటం లేదు. నాకు గోధుమ రంగే కనపడుతోంది.

పాళెం పడవ
పాత నోటు కూడా నలిగితే గోధుమ రంగుకే వస్తది సార్. చిన్నోడా, నోటు తిప్పి ఇంకో ఫోటో పెట్టు.

కావలి చిన్నోడు
అన్నా ఆ నోటు లేదు, సాయంత్రం టీకి ఇచ్చేశా.

ఎండ్రకాయ
హహ. సాక్ష్యం తాగేశాడు.

కొత్తపట్నం కోడలు
ఎండు చేపల వ్యాపారం మా అత్తగారి దగ్గర్నుంచి నాకొచ్చింది, అందుకని రెండు మాటలు చెప్తా. నోటు పాతదా కొత్తదా అని కొట్టుకుంటున్నారు గానీ ఎండిన చేపని కొలిచి పచ్చి చేప సంగతి చెప్పడం ఏందన్నా? ఉప్పు వేసి ఎండబెడితే చేప కుంచించుకుపోద్ది, తోక కొస విరిగిపోద్ది, నడుం వంగిపోద్ది. కొలత ఎప్పుడూ పచ్చిదాని మీదే.

ఇంకోటి ఎవరూ అనలేదు. రేవులో గంప దించగానే ముందు పెద్ద సైజు ఏరేస్తారు, అది ఐసులో పెట్టి చెన్నై బండికి పోద్ది. దాని తర్వాత నడిపి సైజు లోకల్ మార్కెట్టుకి. ఆ తర్వాత మిగిలింది మా దగ్గరికి ఎండుకొస్తది. అంటే సంతలో ఎండు గులివింద చూసి ఈ చేప ఇంతే పెరుగుద్ది అని చిన్నోడు అనుకోవడం తప్పు, సముద్రంలో అన్నీ పిల్లలే పడుతున్నాయి అని మాస్టారు అనుకోవడమూ తప్పు. మీరు చూసేది ఏరగా మిగిలింది.

జువాలజీ మాస్టారు
కోడలుగారు చెప్పింది నా వాదనకే బలం అమ్మా. ఏరగా మిగిలినవి అంటేనే చిన్నవి.

పాళెం పడవ
చిన్నది వేరు పిల్ల వేరు సార్!! మా చిన్నాయన అయిదడుగులు లేడు, ముగ్గురు బిడ్డలు ఆయనకి.

ఎండ్రకాయ
ఇది గెలిచాడు 😂

జువాలజీ మాస్టారు
నవ్వుకోండి, పర్లేదు. గుడ్ల సంగతి చెప్తాను. మొదటిసారి గుడ్లకొచ్చే సైజు అని పుస్తకాల్లో రాసేది ఒక గీత కాదు, ఆ సైజు దగ్గర ఆడచేపల్లో సగం గుడ్లకొచ్చి ఉంటాయి, సగం రావు. అంచేత మీరు కోసిన చేపలో గుడ్లు కనపడ్డాయి అంటే ఆ సైజులో కొన్నిటికి వచ్చాయని మాత్రమే. గుడ్లు లేని చేపని కోసినప్పుడు మీ ఇంట్లో వాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకోరు కదా, కడిగి కూరలో వేసేస్తారు. ఉన్నదే గుర్తుంటుంది.

రెండోది, మీరు ఒకే చేప అనుకుంటున్నది ఒకటి కాదు. తోక మీద అడ్డచారలుండే విటాటస్ ఒకటి. తోక మీద గట్టి చారల్లేకుండా ఒంటి పక్కన పసుపు గీతలుండే సల్ఫ్యూరియస్ ఇంకోటి. ఇంకా ఉన్నాయి. ఒక రకం పన్నెండు దగ్గర గుడ్లకొస్తే ఇంకో రకం ఇంకో సైజులో వస్తుంది. ఎండాక చారలూ గీతలూ పోతాయి కాబట్టి కుప్పలో ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

మూడోది, ఇది ముఖ్యం. ఏళ్ళ తరబడి పెద్ద చేపల్ని పట్టేస్తూ పోతే, చిన్నప్పుడే గుడ్లకొచ్చే చేపలే మిగిలి అవే సంతానం కంటాయి. అట్లాంటిక్ కాడ్ చేప విషయంలో ఇది బాగా నమోదైన సంగతి, 1992లో కెనడా ఆ వేట ఆపేయాల్సి వచ్చింది, దానికి ముందు కాడ్ అంతకంతకీ చిన్న సైజులో గుడ్లకొస్తూ ఉండింది. కాబట్టి చిన్న చేపలో గుడ్లు చూసి సంతోషించకండి, అది జబ్బు లక్షణం కూడా కావచ్చు. కేరళలో 2015లోనే కనీస సైజు నిబంధన తెచ్చారు, గులివిందకి 12 సెంటీమీటర్లు పెట్టారు, దానికి తక్కువది పడితే బోటుకి జరిమానా. అక్కడ ఫలితం వచ్చింది, చేప పెరిగింది. మనకెందుకు ఉండకూడదు?

గుంటగట్టు
మాస్టారు చెప్పేదాంట్లో పాయింట్ ఉంది.

పాళెం పడవ
సార్ కేరళ వాళ్ళు 12 పెట్టింది కిలిమీన్‌కి. అది మన సుద్ద గులివింద, ఎర్రగా ఉండి తోక పైకొసన దారం ఉంటదే, అది. దానికి మీసాలే ఉండవు. మీసాల గులివిందకీ దానికీ చుట్టరికం లేదు, మీరు జువాలజీ మాస్టారు, మీకు నేను చెప్పాల్నా? అది నెమిప్టెరసో ఏందో మీరే అంటారు గదా. దాని లెక్క తెచ్చి దీనికి పెడతా ఉండారు. రేపు ఆఫీసర్లు కూడా ఇట్టాగే చేస్తారు, స్కేలు ఒకటి పట్టుకుని రేవులో నిలబడి.

జువాలజీ మాస్టారు
చేప ఏదైనా సూత్రం ఒకటే.

పాళెం పడవ
సూత్రం ఒకటే అయితే సైజు కూడా ఒకటేనా సార్? మీసం ఉండేదా లేనిదా అన్నది చెప్పండి ముందు.

జువాలజీ మాస్టారు
మీసం గురించి కాదు బాబూ ఈ చర్చ.

పాళెం పడవ
మొదట మీసం గురించి పేరా రాసింది మీరే.

బెంగళూరు నెల్లూరోడు
చెవిలో రాయి ఉంటుందట కదా, దాన్ని కోసి చూస్తే చేప వయసు తెలుస్తుందని ఎక్కడో చదివా. అది చేసేస్తే గొడవ పోతుంది కదా.

జువాలజీ మాస్టారు
ఓటోలిత్ అంటారు. చలి దేశాల చేపల్లో ఏడాదికో వలయం స్పష్టంగా కనపడుతుంది. మన నీళ్ళు ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటాయి కాబట్టి వలయాలు చదవడం కష్టం. రోజువారీ గీతలు లెక్కపెట్టే పద్ధతి ఉంది గానీ దానికి మంచి మైక్రోస్కోపు కావాలి. అయినా వయసు తెలిసి లాభం లేదు, ఈ చేపలు మొదటి ఏడాదిలోనే గుడ్ల సైజుకి దగ్గరకొస్తాయి. మహా అయితే కొన్నేళ్ళు బతుకుతాయి. నెలల తేడాలోనే పిల్లా తల్లీ ఉంటుంది ఇక్కడ.

ఎండ్రకాయ
ఎండు చేప తినేటప్పుడు పంటి కింద కరకరలాడేది ఆ చెవి రాయేనా?

కొత్తపట్నం కోడలు
అది ఇసుక తమ్ముడూ. ఒడ్డున ఇసుక మీద ఆరబోస్తే వచ్చేది. నా దగ్గర వల పందిరి మీద ఎండబెడతాం, ఇసుక ఉండదు.

గుంటగట్టు
నాకు అర్థం కానిది ఒకటి. ఎండు చేప తినేవాళ్ళ మీద పడతారేంది, పెద్ద బోట్లు సముద్రం అడుగున లాక్కుపోయే ట్రాలు వల సంచి విప్పితే మంచి చేపకి సమానంగా చెత్త చేప పడుద్ది, బొటనవేలంత గులివిందలు, బాదిమట్ట పిల్లలు, కారల పిల్లలు అన్నీ కలిసి. దాన్ని ఎవరూ తినరు, ఎండబెట్టరు. దాంతో పోలిస్తే సంతలో అరకిలో ఎంత?

పాళెం పడవ
అన్నా ఆ చెత్త చేప కొనేది ఎవురు? మీ గుంటలోళ్ళే గదా. పీతల గుంటలకి ట్రేలకి ట్రేలు పోతా ఉండాది. కొనేవాడు లేకపోతే బోటువాడు దాన్ని ఐసు పెట్టి ఎందుకు తెస్తాడు?

గుంటగట్టు
నాది రొయ్యల గుంట. వనామీ. పీతలు కాదు. నేను మేత బస్తా కొంటా, చెత్త చేప కాదు.

పాళెం పడవ
ఆ బస్తాలో ఏముంటదన్నా? చేపపిండి. అది గాల్లోంచి వస్తదా?

గుంటగట్టు
చేపపిండి ఫ్యాక్టరీలు కర్ణాటక తీరంలో బోలెడు ఉండాయి, నా బస్తాలో ఉండేది మీ గులివిందే అని నువ్వెట్టా చెప్తావు? నా బాధలు నాకుండాయి. మేత రేటు పెరిగింది, రొయ్య రేటు పడింది, వైట్‌స్పాట్ జబ్బు వస్తే రాత్రికి రాత్రి గుంట ఖాళీ. లోన్ కట్టమని ఫోన్లు. ఇప్పుడు సముద్రం ఖాళీ అయినా మాదే తప్పంటే ఎట్టా? సముద్రంలో వేసేది మీ వలే, మాది కాదు.

పాళెం పడవ
మా వల గురించి నీకేం తెలుసన్నా.

జువాలజీ మాస్టారు
ఇద్దరూ ఆవేశం తగ్గించుకోండి. గుంటగట్టుగారి మాటలో నిజం లేకపోలేదు, సముద్రంలో పడే వలే అసలు సంగతి. పాళెం బాబుకి చెప్పేది ఒకటే, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ అనుభవం వేరు, శాస్త్రం వేరు. నాలుగు చేపల కడుపులు చూసి సముద్రం గురించి తీర్పు చెప్పకూడదు. ఈ వాదనకి కొంచెం చదువు కావాలి.

ఎండ్రకాయ
అయిపోయింది. అనకూడనిది అనేశారు మాస్టారు.

పాళెం పడవ
చదువు కావాల్నా సార్. సరే రాస్తా, చదివే ఓపిక మీకుంటే చదవండి.

నేను ఇంటర్ దాకా చదివి బోటెక్కినోణ్ణి. మాది ఫైబర్ బోటు, పది హార్స్‌పవర్ ఇంజను. మేము వేసేది నరం వల, చిక్కు వల. చేప వచ్చి తల దూర్చి చెంపల దగ్గర చిక్కుకోవాలి, చిన్నదయితే దూరి పోతది, మరీ పెద్దదయితే తల పట్టక తప్పుకుంటది. మా వల కన్నే మాకు సైజు రూలు, ఎవరూ చట్టం చెయ్యక ముందు నుంచి. గులివింద ఒకటీ అరా పడినప్పుడు చేత్తో విడదీస్తుంటే పొలుసు వేళ్ళకి అంటుకుని ఊడొస్తది, వెండిగా ఉన్నది ఎర్రబడిపోతది చేతిలోనే. ఆ ఎరుపు చూసి చెప్తా నేను ఎంతసేపైంది వల్లో పడి అని. ఇది పుస్తకంలో ఉండదు సార్.

ఇప్పుడు ట్రాలు సంగతి. చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మెకనైజ్డ్ బోటు రాకూడదు, 1994 చట్టం, మీకు తెలిసే ఉంటది. రాత్రి మా ఒడ్డు నుంచి చూడండి, లైట్లు లెక్కపెట్టుకోవచ్చు. పక్క రాష్ట్రం స్పీడు బోట్లు, మన పెద్ద బోట్లు కూడా. పోయినేడు నేను వల వేసి లైటు కట్టి పక్కనే లంగరేసి ఉండా. ఒక బోటు మా వల మీద నుంచే లాక్కుంటా పోయింది, అరిచినా టార్చి కొట్టినా ఆపలా. తెల్లారి చూస్తే వల్లో సగం లేదు, ఉండేది కూడా చుట్టచుట్టుకు పోయి పనికిరాలా. వడ్డీకి తెచ్చి కొన్న వల అది. కంప్లైంట్ ఇద్దామని పోతే బోటు నంబరు చెప్పు అన్నారు. నడిరాత్రి నడిసముద్రంలో నంబరు చదవాలంట. చదవలేదు గాబట్టి కాయితం తీసుకోలా.

నిషేధం మాకూ 61 రోజులే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14. పది హార్స్‌పవర్ ఇంజను ఉండేదానికీ, అడుగు ఊడ్చుకుపోయేదానికీ ఒకటే నిషేధం. ఇంజను లేని తెప్పకే మినహాయింపు. భృతి 20 వేలు చేశారు, మంచిదే, వద్దనను. దాంట్లో వల రాదు.

ఇప్పుడు మీరు 12 సెంటీమీటర్లు రూలు పెట్టమంటా ఉండారు. పెడితే ఎవర్ని ఆపుతారు? రేవులో గంప నెత్తినబెట్టుకుని పోయే ఆడమనిషిని. కోడలు వదినలాంటోళ్ళని. ఎండు చేప సంచి విప్పమంటారు. రాత్రి 8 కిలోమీటర్ల లోపల లాగే బోటు దగ్గరికి స్కేలు పట్టుకుని ఎవురూ పోరు. నేను గుడ్లు గుడ్లు అని మొత్తుకునేది అందుకు. ఆ చేప పిల్ల అని మీరు ఒప్పించేశారంటే దోషం గంపలోకి వచ్చేస్తది.

కొత్తపట్నం కోడలు
ఈ మాట నిజం. ఒకసారి బస్సులో మూట వాసనొస్తందని దించేశారు నన్ను, ఎండలో నిలబడ్డా. అట్టాంటోళ్ళ చేతికి స్కేలు ఇస్తే ఇంక చెప్పేదేముంది.

గుంటగట్టు
వల సంగతి బాధాకరం తమ్ముడూ. నేనన్నది వేరే అర్థంలో.

జువాలజీ మాస్టారు
చదువు అన్న మాట మీకు తగిలినట్టుంది. సరే, ఇప్పుడు నా సంగతి కూడా వినండి.

నేను పిల్లల్ని రేవులకి తీసుకెళ్ళేవాణ్ణి, ప్రాక్టికల్స్ కోసం. చెత్త చేప కుప్ప ముందు కూర్చోబెట్టి రకాలు వేరుచేయించి కొలత పట్టించేవాణ్ణి. కొసలో ఒకసారి రేవులో కొందరు వచ్చి ఎందుకు కొలుస్తున్నారు, ఎవరు పంపారు, కేసులు పెట్టడానికా అని చుట్టూ మూగారు. మా కొలబద్ద పలక లాక్కుని నీళ్ళలోకి విసిరారు. ఆడపిల్లలు ఏడ్చారు. పెద్ద బోట్లవాళ్ళు కాదు వాళ్ళు, చిన్న బోట్లవాళ్ళే. ఆ తర్వాత కాలేజీలో ఇక రేవు ట్రిప్పులకి పర్మిషన్ ఇవ్వలేదు. కొలిచేవాడిని శత్రువులా చూస్తే ఎవరు ఎంత పట్టారో ఎప్పటికీ తేలదు, లాభం పెద్ద బోటుకే.

మీ వల గురించి కాదనను, చిక్కు వల సైజు చూసి పట్టేదే. కానీ పాళేల్లో ఒడ్డుకి లాగే అలివి వల సంగతి మీరు రాయలేదు. దాని సంచి కన్నులోంచి అగ్గిపుల్ల దూరదు. ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళలోనే చాలా చేపల పిల్లలు పెరిగేది. అక్కడ లాగితే ఏం వస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. మీ పాళెంలో పెద్దలు దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే ఊరంతా వేటకి పోకుండా ఆగుతుంది, పోలీసులు అక్కర్లేకుండానే. ఆ దురాయి అలివి సంచి కన్ను మీద ఎందుకు వెయ్యరు?

పాళెం పడవ
అలివి లాగేది మా ఊళ్ళో ముసిలోళ్ళు సార్, బోటెక్కలేనోళ్ళు. వచ్చింది పంచుకుంటే తలా కూరకి వస్తది.

జువాలజీ మాస్టారు
కూరకి వచ్చినా అవి పిల్లలే. సముద్రానికి ముసలివాళ్ళు పట్టారా పెద్ద బోటు పట్టిందా అన్నది తెలియదు.

పాళెం పడవ
సముద్రానికి తెలియకపోవచ్చు. మనకి తెలియాల గదా సార్. అంతా ఒకే లెక్కలో కలిపేస్తే ఎట్టా? ట్రాలు ఒక్క లాగుడులో వచ్చేది మా అలివికి ఏడాదంతా లాగినా రాదు.

జువాలజీ మాస్టారు
ఏడాదంతా అన్నది కొలిచి చెప్తున్నారా?

ఎండ్రకాయ
కొలబద్ద నీళ్ళలో ఉంది సార్.

బెంగళూరు నెల్లూరోడు
లాల్ 😂 కానీ సీరియస్‌గా, వల కన్ను పెద్దది చేస్తే సరిపోతుంది కదా, ఇంత గొడవెందుకు?

జువాలజీ మాస్టారు
అదే చెప్పబోతున్నాను. ట్రాలు సంచికి మామూలుగా వాడేది వజ్రం ఆకారం కన్ను. ఒడ్డు మీద చూస్తే పెద్దగానే కనపడుతుంది, బోటు లాగుతున్నప్పుడు బరువుకి సాగి మూసుకుపోతుంది, బొటనవేలంత చేప కూడా బయటికి పోలేదు. అదే చతురస్రం కన్ను అయితే లాగినప్పుడు కూడా తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, సిఫ్ట్ వాళ్ళు ఎన్నాళ్ళుగానో చెప్తున్నది ఇదే. గులివింద సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఆ కన్ను దొరికితే చిన్నది బయటపడుతుంది. చేపని కొలవక్కర్లేదు, గంప దింపక్కర్లేదు. వల కొలిస్తే చాలు. పాళెం బాబు భయపడే స్కేలు గొడవే ఉండదు.

పాళెం పడవ
ఇది ముందు చెప్పుంటే నోటు పాతదా కొత్తదా అని ఇంతసేపు కొట్టుకునే పనే లేదు సార్. చేపని కొలిచేదానికి నేను ఒప్పుకోను, వలని కొలిస్తే ఒప్పుకుంటా.

గుంటగట్టు
పెద్ద బోట్లోళ్ళు ఒప్పుకోవాల గదా. కన్ను పెద్దదయితే రొయ్య కూడా జారిపోద్దని అంటారు వాళ్ళు. డీజిల్ ఖర్చు చూపిస్తారు.

కొత్తపట్నం కోడలు
ఒప్పుకోకపోతే భృతి, డీజిల్ సబ్సిడీ ఆపండి. రెండు రోజుల్లో ఒప్పుకుంటారు.

కావలి చిన్నోడు
అందరికీ థాంక్స్. మరి నేను కొనొచ్చా మానాలా? అది ఎవరూ చెప్పలా.

కొత్తపట్నం కోడలు
కొను తమ్ముడూ. అరచేతి వెడల్పుకి తక్కువ ఉండే కుప్ప మాత్రం వద్దను, అట్టాంటిది నేనూ రేవులో వేలంపాట పాడను. అడిగేవాడు లేకపోతే పట్టేవాడే ఆపుతాడు.

జువాలజీ మాస్టారు
కోడలుగారి మాటతో ఏకీభవిస్తాను, అరచేతి కొలత ఒక్కటి తప్ప. మనిషికో అరచేయి.

పాళెం పడవ
మళ్ళీ కొలత. సరే సార్, ఒక మాట. జూన్ 15 తెల్లారి మొదటి వేట. మీరు మా రేవుకి రండి, నేనే దగ్గరుండి తీసుకుపోతా, మీ కొలబద్ద ఎవురూ ముట్టుకోరు, నాది పూచీ. వల తడిగా ఉండగానే కన్ను కొలుద్దాం, కడుపులు కూడా కోద్దాం, గుడ్లు ఎన్నిట్లో ఉండాయో ఎన్నిట్లో లేవో మీరే రాసుకోండి. పెద్ద బోటు రేవు అక్కడికి దగ్గరే, ఆడికి కూడా పోదాం, ముందు మీరు నడవాల.

జువాలజీ మాస్టారు
వస్తాను. మోకాళ్ళ నొప్పులు, అయినా వస్తాను. మొదట మీ పాళెం అలివి సంచి కొలుస్తాను, తర్వాత పెద్ద బోటు.

పాళెం పడవ
మొదట మాదే గదా. నేను పొద్దుట్నుంచి చెప్తా ఉండేది అదే సార్, మీరు మొదట మాదే కొలుస్తారు.